గొట్టం ఊడదీశాక

గోడ మీద ఆ ఒంటి చెప్పు నాదే.
నీలం పట్టీ, ఎడమ కాలిది.
దిష్టికి కట్టారా అని అడుగుతారు
తలుపుల కొలతలిచ్చి పోయేవాళ్ళు.
అవునంటాను. పూర్తిగా అబద్ధమేం కాదు.

బెజవాడ ఆటోనగర్లో
లేత్ షెడ్డుకీ బస్సులకి బాడీ కట్టే షెడ్డుకీ మధ్య
మా రేకుల కొట్టు.
సత్తార్ మేస్త్రి నోటినిండా మేకులు పెట్టుకుని
పెదాలతో ఒక్కొక్కటే అందించుకున్న కాలం మనిషి.
గన్ను కొన్న రోజు దాన్ని అరచేతిలో తూచి
"సుత్తి దెబ్బ కంటికి కనపడేది,
ఇది గుట్టుగా కొడుద్ది" అన్నాడు.
రోజూ పొద్దున్నే దాని గాలి నోట్లో
పసిబిడ్డకి వస పోసినట్టు
రెండు చుక్కలు నూనె.
వస పడకపోతే నత్తి వస్తుందనేవాడు.
నిజమే, నూనె మరిచిన రోజు
టప్‌మనాల్సింది టుస్సుమనేది,
పిన్ను తల చెక్కలోకి దిగక
పైనే నిలబడి మమ్మల్ని చూసేది.

ఆ రాత్రి పోరంకిలో పని.
తెల్లారితే గృహప్రవేశం,
బీడింగ్ ఇంకా మూడు గదులు.
బయట గాడిపొయ్యి తవ్వుతున్న చప్పుడు.
ముక్కు చెక్కకి ఆనితే తప్ప పేలదు గన్ను,
అది దాని బుద్ధి.
ఆనించే ఆ లిప్త కూడా దండగనిపించింది నాకు.
పంతొమ్మిదేళ్ళు.
ముక్కు వెనక్కి లాగి
ఇనపతీగతో మూడు చుట్లు చుట్టేశాను.
ఇక వేలు కదిపితే చాలు,
టప్ టప్ టప్,
ఎంత హాయి.

గొంతుక్కూర్చుని
పక్క ముక్క కోసం చెయ్యి చాపాను.
రెండో చేతి వేలు ఇంకా మీట మీదే ఉంది.

టప్.

లేవబోతే కాలు లేచింది, చెప్పు లేవలేదు.
బొటనవేలికీ పక్కవేలికీ నడుమ
ఆవగింజంత తల,
కింద పరిచిన ప్లైవుడ్ దాకా దిగిపోయి.
నెత్తురు లేదు.
ఉంటే ఏడిచేవాణ్ణి.

మేస్త్రి తిట్టలేదు.
ముందు గొట్టం ఊడదీశాడు. ఫుస్.
పిన్నుల పెట్టె లాగి ఖాళీ చేశాడు.
అప్పుడు తీగ విప్పాడు, తొందర లేకుండా,
కుక్కపిల్ల మెడలో చిక్కుపడ్డ తాడు విప్పినట్టు.
ముక్కుని బొటనవేలితో నొక్కి వదిలి
ఎగిరొస్తోందో లేదో చూశాడు. మళ్ళీ నొక్కాడు.
కంప్రెసర్ అడుగున మర తిప్పితే
టీ రంగు నీళ్ళు, దోసెడు.
"రోజంతా మింగిన కాలవ గాలి" అన్నాడు,
"కక్కించకపోతే లోపల్నించి తినేస్తది."
అద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాక
నా వైపు తిరిగాడు.

"చెక్కలో కణుపులుంటాయిరా ఐజాకూ.
పిన్ను సన్నంది, కణుపు తగిలితే లోపలే వంగి
పక్కనించి బయటికొచ్చుద్ది.
అక్కడ నీ వేలుందో లేదో దానికేం తెలుసు?
జానెడు దూరం అంటే అందుకు.
ముక్కు సంగతి ముక్కు చూసుకుంటది.
జానెడు మాత్రం నీదే."

తెల్లారి పాలు పొంగాయి.
ఒక గది బోసిగానే ఉండిపోయింది.
ఎనిమిదొందలు కోసుకుని ఇచ్చారు.

సత్తార్ మేస్త్రికి ఇప్పుడు కుడిచెవి వినపడదు.
అన్నేళ్ళు కంప్రెసర్ పక్కనే కూర్చున్నాడు.
చెవుల్లో దూదన్నా పెట్టుకోవాలని
ఆయన మాకు చెప్పలేదు.
ఆయనకీ ఎవరూ చెప్పలేదు.

ఇవాళ మధ్యాహ్నం పిన్ను ఇరుక్కుంది.
కొత్తగా చేరిన బాజీ
గన్ను తిరగేసి, ఒక కన్ను మూసి
ముక్కులోకి తొంగి చూస్తున్నాడు.
ఎర్ర గొట్టం తగిలించే ఉంది,
గేజి ముల్లు ఎనభై మీద.

నేను అరవలేదు.
ఉలిక్కిపడితే వేలు బిగుస్తుంది.
మెల్లిగా వెనకనించి నడిచివెళ్ళి
గొట్టం ఊడదీశాను.
ఫుస్.

అప్పుడు అరిచాను.