వాన రాత్రి, లూయిస్ దీవి

చేపల షెడ్డు నుంచి వచ్చి
చేతులకంటిన ఉప్పైనా కడుక్కోకుండా
ఓయ్‌రిగ్ తెర మీద పాత పటాలు తెరిచింది.
ఒకదాని మీదొకటి పరిచిన రెండు కాలాలు,
మధ్యన జరిపితే జరిగే గీత.

ఎడమకి లాగితే
వాగొడ్డున ఎనిమిది ఇళ్ళు, నిండా సిరాతో:
కప్పు ఉందని గుర్తు.
కుడికి లాగితే
ఎనిమిదీ డొల్ల గళ్ళు,
పక్కన కొత్తగా గొర్రెల దొడ్డి.
ఎవరి గోడల రాళ్ళో అడగక్కర్లేదు.

సర్వేయరు గొలుసు పట్టి సరిగ్గానే కొలిచాడు.
వెళ్ళగొట్టడానికి
అతని గుర్తుల పట్టికలో బొమ్మ లేదు.

ఎడమకి. కుడికి. మళ్ళీ ఎడమకి.
ముత్తవ్వ కొంపకి
ఒంటి వేలితో కప్పేస్తోంది, పీకేస్తోంది.

నిద్ర ముంచుకొచ్చింది.
బయట వాన.
గీతని ఎడమ చివరే వదిలి
దీపం ఆర్పింది.