ఉన్నికి అంటని చీటీలు

బిష్కెక్ ఆఫీసులో గాజు గోడకి
ఇట్టే అతుక్కునేవి పసుప్పచ్చ చీటీలు.
ఇక్కడ గుడారం గోడంతా గొర్రె ఉన్ని.
అతికించింది అతికించినట్టే రాలింది
టీ గిన్నెలోకి.
తొక్తోబూబూ అవ్వ నవ్వలేదు.
కంబళ్లు కుట్టే సూదులు తెచ్చి
ఒక్కో చీటీనీ గుచ్చి నిలబెట్టింది:
చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి.

మంచు చిరుతకి రాజధానిలో
పదేళ్ల ప్రణాళిక ఉంది, రంగుల పటాలతో.
చిరుత దాన్ని చదివినట్టు లేదు.
మొన్న రాత్రి ఎసెన్‌గుల్ దొడ్డిలోకి దూకి
పదకొండు గొర్రెల్ని చంపింది,
ఒక్కదాన్నీ తినలేదు.
అతను తుపాకీకి నూనె పెడుతున్నాడు.
నేనడిగింది పదేళ్లు కాదు,
పద్నాలుగు రాత్రులు.

మొదట, ఆరుతూ వెలిగే దీపాలు.
నాలుగో రాత్రికే అలవాటు పడింది.
దీపం పక్కనే కూర్చుని వెళ్లింది,
తడి మట్టిలో తోక ఆనిన చార.
"పాపం, చీకట్లో తడుముకుంటోందని దీపం పెట్టాం" అన్నాడు ఎసెన్‌గుల్.
చీటీ వెనక అదే రాశాను.

తర్వాత, దొడ్డి మీద ఇనప వల.
ఆగస్టులోనే మంచు కురిసింది.
వల ఆగింది, దూలం ఆగలేదు.
చీటీ మళ్లీ వెనక్కి.

రోజూ పొద్దున నిలబడే మాట్లాడుకోవాలని
వీళ్లకి నేర్పబోయాను.
ఆడగుర్రం పాలు పితికేటప్పుడు
ఇక్కడెవరు కూర్చుంటారు?
ఏ మేక కుంటుతోంది, ఏ వాగు దగ్గర తోడేలు అడుగు,
మేకులు ఎవరింట్లో మిగిలాయి,
బకెట్ నిండేలోపు అన్నీ తేలిపోతాయి.
గడ్డి అయిపోతే ఇల్లు విప్పి
గుర్రానికెత్తి కదిలే వాళ్లకి
దారి మార్చుకోవడం నేనా నేర్పేది?

మూడోసారి జునిపర్ దూలం, మా అందరి చేతులూ.
పద్నాలుగు రాత్రులు. ఒక్క గొర్రె పోలేదు.
కెమెరాలో తెల్లవారుజామున మూడింటికి
వల మీద పాదం ఆనించి చూసి
దిగి వెళ్లిపోయింది చిరుత.
నేను చీటీని చివరి గడిలోకి మార్చబోతే
అవ్వ సూది పట్టుకుంది:
"ఆ మాట చలికాలం చెప్పాలి."

ఎసెన్‌గుల్ చాలాసేపు గోడని చూశాడు.
"నా పదకొండింటికి ఏ గడి?"
నా దగ్గర చీటీలైతే ఇంకా ఉన్నాయి.

మర్నాడు నాలుగు గుడారాల వాళ్లు
తలా ఒక గొర్రెపిల్లని తోలుకొచ్చి
అతని దొడ్డిలో వదిలి, టీ తాగి వెళ్లారు.
ఎవరూ ఏమీ రాసుకోలేదు.
తుపాకీ ఇంకా దాని కొక్కేనికే ఉంది,
నూనె వాసనతో.