పన్నెండో టిక్కు

జపాన్ నించి వచ్చిన అట్టపెట్టె
కడపలో, బండల లారీల దుమ్ములో విప్పినాం.
నాలుగు షాకబ్జార్లు,
ఒళ్లంతా మరలు తిరిగి, పసుప్పచ్చ స్ప్రింగులు తొడుక్కోని.

"ఇంకా దించు మస్తానన్నా,
చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరకూడదు"
అంటాడు ఓబులేసు.
లాన్సర్ వానిది. రోడ్డు మాత్రం ఎవురిదో.

దించినా.
రింగురోడ్డు కాడ తొలి స్పీడు బ్రేకరే
పొట్ట గీరి పంపించింది.

మళ్లీ జాకీ. రింగు రెండు చుట్లు పైకి.
నాబు తిప్పుతా చెవి పెట్టి లెక్కపెట్టినా:
పదకొండు టిక్కులు. పన్నెండోది
పుస్తకంలో లేదు,
లారీల కింద ముప్పై ఏండ్లు పండుకున్న
నా నడుముకు తెలుసు.

రాత్రి గువ్వలచెరువు ఘాటు దిగొచ్చినాడు.
డాష్‌బోర్డు మింద పాలకోవా పొట్లం
పెట్టిన చోటే ఉంది.
"ఎట్లుంది రా?" అంటే
మాట్లాడకుండా పొట్లం విప్పినాడు.