పక్క తీగ

తీగ కారుతోందన్నాడు మొస్యే లోన్వా,
నా రెండు రోజుల కూలి కోస్తూ.
కారడానికి అదేమైనా పాత కుండా?
అనలేదు. అనుకున్నాను.

రాగి మీద రబ్బరు, రబ్బరు మీద నూలు,
నూలు మీద లక్క.
లియేజ్‌లో, నది పక్క షెడ్డులో
ఆరేళ్లుగా చుడుతున్నాను.
నా చుట్టలో చీమకి కూడా సందు దొరకదు.

కొత్త కారు. ఆరు సిలిండర్లు.
ఆరు తీగలూ ఒకే ఇత్తడి గొట్టంలో,
జడ అల్లినట్టు పొందిగ్గా.
కొనేవాడు బానెట్ ఎత్తి ముచ్చటపడాలని.
ఎర్‌స్టాల్ మిట్ట ఎక్కేటప్పుడు మాత్రం
ఆ ముచ్చటంతా దగ్గే.
మూడో సిలిండరు తన వంతు రాకముందే మండి
పిస్టన్‌ని వచ్చిన దారినే వెనక్కి తన్నేది.
పొద్దున హ్యాండిల్ తిప్పబోయిన సెర్వే
మణికట్టుకి గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు.

రాత్రి దీపాలన్నీ ఆర్పించాను.
ఇంజను నడుస్తోంది.
నేనూ, సెర్వే, చీకటీ.
కారే తీగైతే నీలంగా బయటపడాలి,
చలికాలం ఉన్ని చొక్కా విప్పేటప్పుడు మెరిసినట్టు.
చూశాం, చూశాం.
పొగకి కళ్లు కారాయి.
తీగ కారలేదు.

మరి మూడుకి నిప్పెవరిచ్చారు?

కట్టు లేని చేతి వేళ్ల మీద లెక్కపెట్టాడు సెర్వే:
ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.
వంతుల్లో ఐదు వెనకే మూడు.
గొట్టంలోనూ ఐదు పక్కనే మూడు పడక.
రాగి రాగిని తాకలేదు.
మధ్యలో నా రబ్బరు, నా నూలు, నా లక్క.
అయినా ఐదులో మెరుపు పరిగెడితే
మూడు ఉలిక్కిపడుతుంది,
తననే పిలిచారనుకుని.

ఇది నాకు తెలియనిదేం కాదు.
బెంచీ మీద నా ఎడమ పక్క ఎర్మెలీన్ కూర్చుంటుంది.
గని కూలిన వారం ఆమె ఒక్క మాటా అనలేదు.
నా చేతిలో నూలు నాలుగుసార్లు తెగింది.

గొట్టం ఊడదీశాం.
మూడో తీగని జానెడు దూరం లాగి,
గౌను జేబులో ఉన్న బట్టలారేసే చెక్క క్లిప్పుతో
లాంతరు కొక్కేనికి పట్టించాను.
ఇంజను ఒకసారి తడబడింది.
ఆ తర్వాత, పొట్ట నిండిన పిల్లిలా గురగుర.

తెల్లారి వచ్చి చూసి
వికారంగా ఉందన్నాడు మొస్యే లోన్వా,
ఆరు తీగలు ఆరు దిక్కుల్లో.
మిట్ట ఎక్కి దిగి వచ్చాక మరేమీ అనలేదు.
పైవారం పెట్టెడు పింగాణీ బిళ్లలు దిగాయి,
తీగకీ తీగకీ ఎడం ఉంచడానికి.
కోసిన కూలి తిరిగి రాలేదు.
నా క్లిప్పు కూడా.

బెంచీ మీద ఎడం ఉంచే బిళ్లలెవరూ తేలేదు,
నేనూ అడగలేదు.
నూలు ఇంకా తెగుతుంది, అప్పుడప్పుడు.
ముడి వేసి,
కనబడకుండా లక్క పూస్తాను.