గాలి తగిలితే చాలు

పరసన్నా,
నీ కర్రకి మొన్న మళ్లీ నూనె రాశాను.
ఫిషింగ్ హార్బర్‌లో, ఐస్ ఫ్యాక్టరీ వెనక
మన రేకుల షెడ్డు గోడకి
పందొమ్మిది కర్రలు.
చెయ్యి పడక పొడిబారింది నీదొక్కటే.
పదకొండు రోజులు చాలు వెదురుకి,
ఉప్పుగాలి ఊరుకోదు.

మొదటి రోజు కానిస్టేబుల్ బండి దిగి
"ఈ ఆడమనిషా మేస్టారు?" అని నవ్వావు.
పొద్దున్నే వేలంపాటలో అరిచి అరిచి
బొంగురుపోయిన గొంతుతో నేనూ నవ్వాను.
మా అయ్య గరిడీలో ఆడపిల్లలకి చోటు లేదు.
కుండతో నీళ్లు మోస్తూ
గుమ్మం అవతల నుంచి నేర్చుకున్నాను సాము.
అది నీకెప్పుడూ చెప్పలేదు.

నీ జేబులో
సగం పిండిన పంక్చర్ సొల్యూషన్ ట్యూబు,
విరిగిన బ్లేడు ముక్క.
"ఆ కిటికీ మీద పెట్టు,
ఎల్లినప్పుడు తీసుకో" అన్నాను.
నెల్లాళ్లు లెక్కగా తీసుకెళ్లావు.
ఒక రోజు మరిచిపోయావు.
ఇంకా అక్కడే ఉన్నాయి.
బ్లేడు తుప్పు పట్టింది.

కర్ర కోసేముందు నిన్ను నిలబెట్టి
అరికాలి నుంచి కనుబొమ్మ దాకా కొలిచాను.
కదలకుండా నిలబడ్డావు, గోడకి వీపు ఆనించి,
ఫోటో తీస్తారేమో అన్నట్టు.
అప్పుడర్థమైంది,
నీ ఎత్తు అంతకుముందు కొలిచింది
స్టేషన్ గోడ ఒక్కటే.
కార్తీకం వచ్చేసరికి కర్ర పొట్టిదైపోయింది.
కొత్తది కోశాను.
పాతది చిన్న దానేలుకిచ్చాం.

కళ్లు మూసుకుని నీ ముందు నిలబడ్డాను.
"తిప్పు.
నా చెవికి గాలి తగలాల.
కర్ర తగలకూడదు."
రెండో రోజు తగిలింది.
కేజీహెచ్‌లో మూడు కుట్లు.
కుట్లేసే గది బయట నేల మీద కూర్చుని
గోళ్లు కొరుక్కున్నావు.
పారిపోతావనుకున్నాను.
మర్నాడు మళ్లీ కళ్లు మూసుకుంటే
"నాను తిప్పను మేస్టారూ" అని ఏడ్చావు.
తిప్పరా అన్నాను.
కొట్టడం వచ్చిన చేతులకి
ఆపడం ఎంత బరువో
కళ్లు మూసుకునే చూశాను.
నలభయ్యో రోజున
చెవి పక్కన ఝుమ్మంది.
నెరిసిన వెంట్రుకలు నాలుగు కదిలాయి.
అంతే.

నల్లబండి వాడు నీ కోసం
జ్ఞానాపురం వంతెన కింద ఆగుతున్నాడని
దానేలు చెప్పాడు.
సంచి ఒకటి రైలెక్కిస్తే మూడు వేలట.
సంచిలో ఏముందో అడగనందుకే ఆ డబ్బు.
నా దగ్గర మూడు వేలు లేవురా.
ఉడికించిన చిలగడదుంపలున్నాయి,
రాత్రి ఎనిమిది దాకా వెలిగే బల్బుంది.
కర్ర అందర్నీ కాపాడుతుందని
నేనెవరికీ చెప్పలేదు.
ఈ గోడకి కర్రలానించి వెళ్లినవాళ్లలో
ఇద్దరు సెంట్రల్ జైల్లో ఉన్నారు.
ఒకడు పెళ్లికి పిలిచాడు.
ఒకడు ఏమయ్యాడో తెలీదు.
వాళ్లమ్మ హార్బర్‌లో ఎదురైతే
ఇద్దరం చేపల ధరలు మాట్లాడుకుంటాం.

ఇవాళ సాయంత్రం లెక్కపెడితే పద్దెనిమిది.
మళ్లీ లెక్కపెట్టాను.
గొళ్లెం విరగలేదు.
లోపలికి చెయ్యి దూర్చి తీసే కిటుకు
మీ ఇద్దరికే తెలుసు,
దానేలు నా ఎదురుగా దుంప తింటున్నాడు.
అమ్ముకుందామంటే
వెదురుకర్రకి ఎవడిస్తాడు రూపాయి?

చీకటి పడింది.
డాల్ఫిన్ నోస్ మీద లైటు
ఒకసారి నీళ్ల మీదుగా తిరిగి వెళ్లింది.
ఒడ్డుకి లాగిన పడవల అవతల
ఏదో ఝుమ్మంటోంది.
తెరచాప తాడేమో అనుకున్నాను.
నాలుగు తిప్పులు, ఒక ఆగు.
నాలుగు తిప్పులు,
ఒక ఆగు.
తాళ్లకి ఆగడం రాదు.

నేను రాను. లేచి చూడను కూడా.
కానీ ఒరే,
మూడో తిప్పు దగ్గర
పట్టు వదులైపోతోంది నీది.
ఎడమ చెయ్యి
ఇంకో బెత్తెడు కిందికి దించు.