జీరో టికెట్

మన్ననూరు కాడ ఎక్కిన సీతాఫలాల గంప
అచ్చంపేట బస్టాండుల దిగిపోయింది.
సీటు కింద నాలుగు ఎండుటాకులు, ఒక పగిలిన పండు.
ఊడుస్తుంటె అండ్ల ఒక ఆకు
నా చీపురుపుల్లను పట్టుకుంది.

ఊసరవెల్లి.
డ్రైవర్ లచ్చిరాం చెప్పు తీసిండు.
"ముట్టకక్కా, ఇసం" అన్నడు.
ఇసమున్నది గింత మెత్తగ పట్టుకుంటదా?
చిల్లర అంత కొంగున కట్టుకొని
క్యాషు బ్యాగుల దాన్ని పండవెట్టుకొని ఇంటికి నడిచిన.

వెనకకాలు ఒకటి గంప కింద నలిగింది.
కండ్లు గుంతలు వడ్డయి.
ఒళ్లు మాడిన రొట్టె లెక్క.
పశువుల దవాఖానల జహంగీర్ సారు
అద్దాలు పైకి జరిపి, కిందికి జరిపి
"బర్రెనైతె రాస్త, గొర్రెనైతె రాస్త,
దీన్ని ఏ రిజిస్టర్ల ఎక్కియ్యాలె చెల్లె?" అని
మళ్ల తనే దూది మందుల ముంచి
అగ్గిపుల్లంత కాలుకు
గడియారాలు బాగుచేసేటోని లెక్క కట్టు కట్టిండు.
"అడివిది. నడిస్తె అడివిల్నె ఇడువు" అన్నడు.

రెండొద్దులు మూతల నీళ్లు పెట్టిన. చూడలె.
గిన్నె మార్చిన. చూడలె.
మూడోపొద్దు డ్యూటీకి పోతపోత
కరేపాకు కుండీల చెంబెడు నీళ్లు కుమ్మరిస్తె
ఆకు కొసకు ఒక సుక్క ఆగింది.
అది మెడ సాచింది.
సుక్క పోయింది.
ఆ పొద్దు నాకు డిపోల లేటు మెమో వచ్చింది.

పోయినేడు డెంగ్యూల నాకెక్కిచ్చిన గ్లూకోజు పైపు
అల్మారి మీదనె ఉండె, ఎందుకు దాసిన్నో తెల్వదు.
మొలకు సీసా ఏలాడగట్టి, చక్రం జరంత తిప్పి ఇడిసిన.
నిమిషానికి ఆరు సుక్కలు, కరేపాకు మీదికి.
అప్పుడు నా మంచం పక్క కూసొని
సుక్కలు లెక్కవెట్టింది ఈదమ్మ.
గా ఈదమ్మనే ఇప్పుడు గోడవతల నుంచి
"ఇంట్ల ఊసరవెల్లా! నెత్తి గిట్ల పాడైందా" అని ఒర్లింది.
నా వాకిలి దిక్కు రాలె మళ్ల.

ఆఖరు ట్రిప్పు దిగి, ఖాకీ అంగి ఇప్పకుంటనే
కరెంటు స్తంభం కింద మిడతలు పట్టిన,
నలభై రెండేండ్ల ఆడమనిషిని.
తాగి వచ్చెటోళ్లు గూడ పక్కకు తప్పుకున్నరు.
అది నాలుక ఇసిరితె కంటికే ఆనదు.
మిడత ఉంటది. మిడత ఉండదు.

మాట మార్చెటోన్ని దీని పేరు పెట్టి తిడతం.
నేనూ తిట్టిన ఒకన్ని. పేరు చెప్ప.
ఇన్ని దినాలు చూసిన గద,
ఇది అబద్ధమాడంగ ఒక్కసారి చూడలె.
సలికి నల్లగైతది.
ఎండ తాకితె తేటగైతది.
కట్టు ఇప్పితె నొచ్చి, ఒళ్లంత మచ్చలు తేలతది.
నేను నొచ్చిననాడు గూడ
టికెట్ టికెట్ అనుకుంటనే తిరిగిన,
ఒక్క రంగు మీద, పన్నెండేండ్లు.

ఒక కన్ను నా దిక్కు, ఒక కన్ను దర్వాజ దిక్కు
అది తిప్పుతుంటె నవ్వొచ్చేది.
ఫుట్‌బోర్డు మీద ఒకటి, చిల్లర మీద ఒకటి,
మా కండక్టర్ల కండ్లే అవి.

పద్దెనిమిదోపొద్దు ఈదమ్మ వచ్చింది.
గడప దాటలె.
హార్లిక్స్ సీసా లోపటికి జరిపింది.
మూతకు మేకుతోని బొక్కలు, అండ్ల ఐదు బొద్దింకలు.
"మా మోరీ కాడియి. తింటదో తినదో" అని
అటు దిక్కు తిరిగి నిలవడి
ఓర కన్నుతోని చూసింది.

తెల్లారి అది లేతచింతాకు లెక్కయింది.

మన్ననూరు ట్రిప్పు. ఒళ్లె బ్యాగు, బ్యాగుల అది.
ఆధార్ కార్డు ఏదమ్మ అని అడిగిన.
ఆడిదో మగదో తెల్వకుంటనే
జీరో టికెట్ కొడ్దామని మిషను దాక పోయింది ఏలు.

చెక్‌పోస్టు అవతల బస్సు ఆపమన్న.
లచ్చిరాం ఏమనలె, ఇంజను బందువెట్టిండు.
తంగేడు కొమ్మకు చెయ్యి ఆనిచ్చిన.
ఒక అడుగు ముందుకు, ఆగి, ఊగి, సగమడుగు ఎనక్కి,
గేరు పడని పాతబస్సు లెక్క
కుంటుకుంట పోయింది.
ఏది ఆకో, ఏది అదో...

"దిగెటోళ్లు దిగిన్రా?" అన్నడు లచ్చిరాం.
రైట్ రైట్ అనాలె.
గొంతు రాలె.
రేకు మీద రెండుసార్లు చరిచిన.