చెట్టుకు పావడా

చెట్టుకు పావడా కావాలంది కెజియా.
నవ్వాపుకోలేక బాబిన్ జారవిడిచాను,
మెషిను కిందికి దొర్లిపోయింది.
పద్దెనిమిదేళ్లుగా పెరంబూరు ఆడవాళ్లకి
నడుము కొలిచి నాడా ఎక్కించి ఇస్తున్నాను,
చెట్టు నడుము కొలవమని ఎవరూ రాలేదు.

కానీ పిల్ల అన్నదీ నిజమే.
స్టాండుకి మూడు కాళ్లు, ఒకటి పోయినేడు విరిగింది.
ఇప్పుడు మా నాలుగడుగుల ప్లాస్టిక్ చెట్టు
సున్నం బకెట్లో, ఇసుకలో, రెండు ఇటుకముక్కల నడుమ
బస్సులో సీటు దొరకని మనిషిలా
ఓ పక్కకి ఒరిగి నిలబడుతుంది.
పైన నక్షత్రం, గంటలు.
కింద చూస్తే మేస్త్రీ సామాను.

శనివారం ప్యారిస్ కార్నర్ వెళ్లాం.
సందులో సందు, ఆ సందులో మెట్లు,
మెట్ల మీదా కొట్టే.
ఎర్ర గుడ్డ, అంచుకి తెల్ల బొచ్చు, మీద జింకలు.
ఎనిమిది వందల యాభై.
కెజియా జింకల్ని చూసింది, నేను తిరగేసి కుట్టు చూశాను.
కత్తిరించిన అంచు మడవనైనా మడవలేదు.
"ఏడాదికి పది రోజులేగా అక్కా, ఎవరుతుకుతారు?"
విసుక్కున్నాడు కొట్టతను.
పది రోజుల గుడ్డకి నా నాలుగు రోజుల కూలీనా
అనబోయి ఊరుకున్నాను. పిల్ల వింటోంది.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె బోర్లించాం.
చర్చి పాత తెర: మీద సిలువుంది,
కాళ్ల దగ్గర పరిస్తే అయ్యగారు ఊరుకోరు.
మా ఆయన ఖాకీ ప్యాంట్లు:
"చెట్టు నైట్ డ్యూటీకెళ్తుందా?" అంది కెజియా.
దూది పరవండి, మంచులా ఉంటుంది, అన్నాడాయన.
మద్రాసులో మంచు!
డిసెంబరులో ఇక్కడ ఏం కురుస్తుందో
గోడనడిగినా చెబుతుంది,
రెండుసార్లు సున్నం కొట్టినా
మోకాలెత్తున ఆ మరక గీత పోలేదు.

వాన మాటకే గుర్తొచ్చింది.
వంటింటి రేకు కారుతోందని
మొన్న తుఫానులో సెల్వక్క ఇచ్చిన ఫ్లెక్సు.
మనవడి మొదటి పుట్టినరోజుది.
వీధి మలుపులో వారం రోజులు వేలాడింది:
ముగిలన్ నల్ల కళ్లజోడుతో, పులి మీద,
చుట్టూ పదహారుమంది మేనమామలు చేతులు జోడించి.
వెనక మాత్రం తెలుపు.
ఒక్క అక్షరమైనా లేని తెలుపు.

కడిగి ఆరబెట్టాను.
మధ్యలో మేకు, మేకుకి పురికొస, కొసకి సుద్దముక్క,
గుండ్రంగా తిప్పాను.
మేనమామలు పోయారు. పులి సగం పోయింది.
పదహారో నంబరు సూది టక్కున విరిగింది,
పద్దెనిమిది వేశాను.
వెనక చీలిక, మూడు హుక్కులు, జాకెట్టుకి పెట్టినట్టే.
అంచుకి ఎర్ర సాటిన్, పరిమళగారి లైనింగులో మిగిలింది.
అడిగుంటే ఇచ్చేసేదాన్నే.

తెలుపు బయటికి పెట్టి తొడిగితే
బిరుసుగా గుడారంలా నిలబడింది.
కెజియా చాలాసేపు చూసింది.
బాగుందనలేదు.
"బకెట్ కనబడట్లేదు," అంది.
నా చేతికి అదే మెచ్చుకోలు.

ఇరవై నాలుగు రాత్రి
సెల్వక్క మురుకుల పళ్లెంతో వచ్చింది, చంకలో ముగిలన్.
దింపగానే తప్పటడుగులేసుకుంటూ చెట్టు దగ్గరికెళ్లాడు.
గంటలు ముట్టుకోలేదు, లైట్లు చూడలేదు.
కూలబడి, ఎర్రంచు పట్టుకుని ఎత్తాడు.

లోపల తను.
నల్ల కళ్లజోడు, సగం పులి.

ఒకసారి తన కళ్లు తడుముకున్నాడు.
తర్వాత ఫ్లెక్సు మీది కళ్లు తడిమాడు.
ఏం తేల్చుకున్నాడో,
బకెట్ పక్క నుంచి లోపలికి పాకిపోయాడు.

"ముగిలా... డేయ్ ముగిలా!"
వాకిట్లో చెప్పుల మధ్య వెతుకుతోంది సెల్వక్క.
చెప్పబోయాను.
కెజియా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

లైట్లు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి.
పావడా అంచు కింద
రెండు చిన్న పాదాలు,
ఒకదానికి కడియం.